నా ఎడమ చెవి

మా ఆళ్లగడ్డలో రాయిని కళ్ళతో కొనరు, చెవితో కొంటారు.

కొండ మీద బండ నుంచి రాయిని విడదీశాక చిన్న సుత్తితో తట్టి చూస్తారు. గంట కొట్టినట్టు ఖంగుమంటే అది మగరాయి, దేవుడికి పనికొస్తుంది. తాళాలు తాకినట్టు సన్నగా మోగితే ఆడరాయి, అమ్మవారికి పనికొస్తుంది. చచ్చిన చప్పుడు చేస్తే మెట్లకూ పీటలకూ పోతుంది. మోగుతూ మోగుతూ మధ్యలో గొంతు బొంగురుపోయిందంటే లోపల పగులు ఉందని అర్థం. అన్నిటికన్నా చెడ్డది అదే. ఆ పగులు పైకి కనిపించదు. ఆరు నెలలు చెక్కి, ముక్కు తీర్చి, కళ్ళు తెరిచే వేళకు రాయి రెండవుతుంది.

మా ఇంటాయన ఉన్నప్పుడు ఇరవై రెండేళ్ళు మా శిల్పాల కొట్టానికి వచ్చిన ప్రతి రాయినీ తట్టింది ఆయన చెయ్యి. విన్నది నా చెవి. ఆయన తట్టి నా మొగం చూసేవాడు. నేను తల ఊపితే బేరం కుదిరినట్టే. ఊళ్ళో అందరూ ఆయన చెవి గొప్పదనుకునేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేనూ ఊరుకునేదాన్ని.

ఎనభై మూడులో ఆయన పోయాడు. కొట్టం మా మరిది సుబ్బరాయుడి చేతికి వచ్చింది. మంచి శిల్పి. ఉలి పట్టుకుంటే రాయి మైనం అవుతుంది. కానీ రాయిని ఎంచేది మాత్రం కళ్ళతోనే. నేను చెక్కడం ముగిసిన విగ్రహాలకు నీళ్ళు పోసి సానరాయితో రుద్ది నున్నగా చేసే పని పెట్టుకున్నాను. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అదే. నలుగురు మొగోళ్ళు నా చుట్టూ సుత్తులు మోగిస్తూ ఉంటారు. చీకటి పడినాక వయోజన బడికి పోయి, యాభై ఏళ్ళ వయసులో అ ఆలు దిద్దుకున్నాను.

మా చెల్లెలు అంకమ్మ కువైటులో ఒకరింట వంటపనికి పోయి, మొదటి సెలవుకు వచ్చినప్పుడు నాకు అరచేతిలో పట్టే టేపు మిషను తెచ్చింది. దానికి చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. ఆ సుత్తుల మోతలో రేడియో పెడితే ఒక్క ముక్క వినపడదు. ఇవి పెట్టుకుంటే కొట్టం మధ్యలో కూర్చున్నా క్యాసెట్టులోని సన్నాయి నా తల లోపలే వాయించినట్టు ఉండేది. చేతులు రాయిని రుద్దుతుంటే చెవులు కచేరీలో ఉండేవి.

"ఎర్రచుక్క ఉండేది కుడి చెవికి పెట్టుకోవాలక్కా, తిరగెయ్యగాకు" అని అంకమ్మ చెప్పి పోయింది. ఆ మాట నాకు మళ్ళీ చెప్పనక్కర్లేదు. రాయిని కొండ మీద నుంచి దించేటప్పుడు తల ఏ వైపో, మొగం ఏ వైపో ఎర్రని జాజుతో గుర్తు పెడతారు. ఆ గుర్తు పడినాక మా వాళ్ళు రాయిని తలకిందులు చెయ్యరు, వెనకది ముందుకు తిప్పరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూసింది అదే. ఎర్రచుక్కను నేను ఒక్కనాడూ ఎడమ చెవికి తిప్పలేదు.

ఏడాది బాగా గడిచింది. ఆ తరువాత ఎడమ చెవిలో పాట తగ్గుతూ వచ్చింది. ముందు తాళాల చప్పుడు పోయింది. తరువాత సన్నాయి దుప్పటి కప్పుకున్నట్టయింది. కుడి చెవిలో అంతా బాగానే ఉంది. నాకు భయం పట్టింది. ఇరవై అయిదేళ్ళు సుత్తుల మధ్య కూర్చున్న చెవులు. మా మామకు అరవై ఏళ్ళకే పిడుగు పడినా వినపడేది కాదు. నాకూ మొదలైందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే అవుకు దగ్గర ఒక పల్లె వాళ్ళు అయిదడుగుల ఆంజనేయస్వామికి బయానా ఇచ్చి పోయారు. సుబ్బరాయుడు నల్లరాయి దింపించాడు. ఆయన లేని వేళ చూసి నేను సుత్తితో తట్టాను. ఖంగుమంది. స్వామి ఎడమ భుజం రావాల్సిన చోట తట్టితే ఖంగుమని, చివర్న బొంగురుపోయింది.

మరిది రాగానే చెప్పాను. "సుబ్బరాయుడూ, ఈ రాయి గొంతు బాగలేదప్పా."

"నీళ్ళు పోసి చూసినా గదా వదినా. ఒక్క గీత కూడా లేదు."

"పైకి రాలేదు. లోపల ఉండాది."

ఆయన నవ్వాడు. "బొంగురు రాయిలో లేదు, నీ చెవుల్లో ఉండాది. నిన్న అన్నానికి రమ్మని మూడుసార్లు పిలిస్తి, పలికినావా?"

పనోళ్ళు కూడా నవ్వారు. నిన్న పలకలేదు నిజమే. అప్పుడు చెవులకు సన్నాయి ఉంది. ఆ మాట అనొచ్చు. కానీ ఎడమ చెవి గుర్తొచ్చింది. నా చెవిని నేనే నమ్మనప్పుడు ఆయన్ను నమ్మమని ఎట్లా అడిగేది? శుక్రవారం పొద్దున రాయికి ఉలి పెట్టాలని ముహూర్తం అనుకున్నారు.

మంగళవారం నాడు పీట మీద పెట్టిన నా హెడ్‌ఫోన్ల మీద సుబ్బరాయుడు చూడకుండా కూర్చున్నాడు. తలకు పట్టే కమ్మీ రెండు ముక్కలయింది. పాపం, మొగం చిన్నబోయింది.

"రేపు ఉలులకు ఇనుము తేను నంద్యాలకు పోతాండా. నువ్వూ రా వదినా, కొత్తవి కొందువు గానీ. దుడ్లు నేనిస్తా."

"నా దుడ్లు నాకుండాయిలే. నువ్వు కూర్చునే ముందు చూసుకుంటే చాలు" అన్నాను. రెండు నందులను రుద్దినందుకు వచ్చిన నూటా ఇరవై రూపాయలు కొంగున కట్టుకున్నాను. హెడ్‌ఫోన్లు ఒక వంక మాత్రమే. కొత్తవి పెట్టుకుంటే తెలిసిపోతుంది, పాతవి చెడినాయా, నా చెవి చెడిందా అని.

నంద్యాల బజారులో వరదరాజులు అనే ఆయన రేడియోల అంగడికి పోయాం. ఆయన అద్దాల బీరువాలో నుంచి ముందు నలభై అయిదు రూపాయలవి తీశాడు. నా మిషనులోనే నా సన్నాయి క్యాసెట్టు పెట్టి, ఎర్రచుక్క కుడివైపుకు చూసుకుని పెట్టుకున్నాను. రేకుడబ్బాలో వాయించినట్టుంది. అది సరే. ఎడమ చెవిలో ఆ రేకుడబ్బా కూడా లేదు.

"ఇంకోటి చూపించప్పా" అన్నాను.

ఆయన రెండు వందల పదివి తీశాడు. పెద్దపెద్ద చిప్పలు, వెండిరంగు మెరుపు. "జపాన్ సరుకు పెద్దమ్మా. ఇవి పెట్టుకుంటే ఇంక దిగవు."

డోలు గుండెల మీద కొట్టినట్టు మోగింది, కుడి చెవిలో. ఎడమ చెవికి మళ్ళీ దుప్పటే.

అయిపోయిందనుకున్నాను. రాయి ముందు ఇంక నేను కూర్చోలేను. రుద్దే చేతులే మిగిలాయి.

"ఏంది వదినా, అట్లా మొగం పెట్టినావు? ధర చూసి భయపడినావా?" అని సుబ్బరాయుడు అడిగాడు. నేను పలకలేదు. ఈసారి వినపడే పలకలేదు.

వరదరాజులు కింది అరలో నుంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె తీశాడు. "తొంభై రూపాయలవి. చూడను బాగుండవని ఎవురూ అడగరు." నల్లగా, తేలిగ్గా, గుండ్రని స్పాంజి ముక్కలతో ఉన్నాయి. ఎర్రచుక్క కోసం వెతికాను. లేదు. ఏ వైపు దొరికితే ఆ వైపు పెట్టుకున్నాను.

దుప్పటి కుడి చెవికి మారింది!

ఎడమ చెవిలో తాళాలు. ఒకటొకటీ వేరుగా, అంచులు మెరుస్తూ. రెండు నెలల తరువాత విన్నాను. తీసి తిప్పి పెట్టుకున్నాను. దుప్పటి ఎడమకు వచ్చింది. మళ్ళీ తిప్పాను. కుడికి పోయింది. వెండిరంగువి లాక్కుని ఎర్రచుక్కను ఎడమ చెవికి పెట్టుకున్నాను. పుట్టి అంత తప్పు పని చేసి ఎరగను. దుప్పటి బుద్ధిగా కుడికి పోయింది.

నాకు నవ్వు ఆగలేదు. అంగట్లో వాళ్ళంతా చూస్తున్నారు.

"చెవి కాదు! సుబ్బరాయుడూ, నా చెవి కాదప్పా! మిషనుది తప్పు!"

వరదరాజులు మిషను మూత తెరిచి లోపలికి తొంగి చూశాడు. దూదికి స్పిరిట్ అద్ది, క్యాసెట్టు రాసుకుంటూ పోయే చిన్న ఇనుప ముక్కను తుడిచాడు. దూది బూడిద రంగుకు తిరిగింది. "ఒక అంచున గట్టిగా పేరుకోనుండాది. అందుకే ఒక పక్క పాట రాలేదు. దీన్ని యాడ పెట్టుకొని వింటావమ్మా, పిండిమరలోనా?"

"శిల్పాల కొట్టంలో."

"అయితే ఇది రాతిపొడి. నెలకొకసారి తుడుచుకో."

ఇరవై అయిదేళ్ళుగా నా చెవుల్లో పడుతున్న పొడి వాటిని ఏమీ చెయ్యలేదు, ఏడాదికే మిషను చెవి మూసింది. అప్పుడు సర్దుకుని కూర్చుని, "ఇప్పుడు మూడూ మళ్ళీ ఇయ్యి, సరిగ్గా చూస్తా" అన్నాను.

రాయిని చూసినట్టే చూశాను. క్యాసెట్టులో సన్నాయి ఆగి తాళం ఒక్కటే మోగే చోటు ఉంది. ఆ మోత ఎంతసేపు నిలుస్తుందో, ఎట్లా ఆరుతుందో విన్నాను. నలభై అయిదువాటిలో మోగీ మోగకముందే తెగిపోయింది. వెండిరంగువాటిలో డోలు మోత తాళాన్ని తొక్కేసింది. తొంభైవాటిలో సన్నగా సాగి సాగి ఊపిరి వదిలినట్టు ఆరింది. డోలు కొంచెం తక్కువే. అయితే రోజంతా వినేదానికి తక్కువే మేలు, తల నొయ్యదు.

తరువాత అంగడి నేల మీద కూర్చుని, రాయిని రుద్దుతున్నట్టు ముందుకు వంగి చేతులాడించాను.

"ఏం చేస్తాండావమ్మా?" అని వరదరాజులు బిత్తరపోయాడు.

"నా పని. నేను నిలబడి వినేదాన్ని కాదు."

వంగగానే వెండిరంగువి జారి ఒళ్ళో పడినాయి. తొంభైవి కదల్లేదు. తీగ చిప్పలోకి పోయే చోట లాగి చూశాను, గట్టిగా ఉంది. స్పాంజి ముక్కలు చెమటకు చెడితే వేరేవి రెండు రూపాయలకు దొరుకుతాయా అని అడిగాను. దొరుకుతాయన్నాడు. తొంభై లెక్కపెట్టి ఇచ్చాను.

"నా అంగట్లో ఇట్లా ఏరి కొన్నోళ్ళు లేరు. అందరూ మెరిసేదే అడుగుతారు" అన్నాడు వరదరాజులు. సుబ్బరాయుడు నా మొగం వైపు చూస్తూ కూర్చున్నాడు, వాళ్ళన్న చూసినట్టు.

బస్సు శిరివెళ్ళ దాటినాక నేనే ఎత్తుకున్నాను. "ఎల్లుండి ఆ రాయికి ఉలి పెట్టగాకు."

"మళ్ళీ మొదలుపెట్టినావా వదినా?"

"అప్పుడు నాకే నమ్మకం లేకపోయె. ఇప్పుడుండాది. ఎడమ భుజం కింద, నాలుగు వేళ్ళ లోతున పగులుండాది."

"లేకపోతే?"

"ఇవి నీ కూతురికి ఇచ్చేస్తా. ఇంక ఏ రాయి దగ్గరికీ రాను."

ఆయన కిటికీలో నుంచి బయటికి చూస్తూ, "ఆ భుజం పక్కన ఎట్లైనా నాలుగు వేళ్ళ లోతు చెక్కి తియ్యాల్సిందే. ముహూర్తం దాకా ఆగకుండా ఈ పొద్దే తీసి చూద్దాం" అన్నాడు.

ఊళ్ళో దిగి ఇంటికి పోకుండా నేరుగా కొట్టానికి పోయాం. ఇంకా ఎండ ఉంది. పనోళ్ళు సుత్తులు ఆపారు. నేను అందరి ముందూ చిన్న సుత్తి తీసుకుని తట్టుకుంటూ పోయాను. ఖంగు, ఖంగు, ఖంగు. భుజం దగ్గర బొంగురు. రెండు చెవులతో విన్నాను. అక్కడ గోరుతో గీసి, "ఈడ" అన్నాను.

సుబ్బరాయుడు పెద్ద ఉలి తీసుకుని తానే కూర్చున్నాడు. పెచ్చు వెంట పెచ్చు లేపుతూ పోయాడు. రెండు వేళ్ళు దిగింది, ఏమీ లేదు. మూడు వేళ్ళు దిగింది. ఒక పనోడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. నేను నా చెయ్యి సుత్తి మీద నుంచి తియ్యలేదు. నాలుగో వేలి దగ్గర పెచ్చు ఒక్కటి దానంతట అదే ఊడి వచ్చింది. నీళ్ళు చల్లాడు. మిగతా రాయి ఆరిపోయింది. వెంట్రుకంత గీత ఒకటి భుజం నుంచి ఎదురొమ్ము దాకా తడిగానే నిలిచింది.

సుబ్బరాయుడు లేచి మూలనున్న జాజు గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు. రాయి మీద గుర్తు పెట్టేది కొట్టం పెద్ద ఒక్కడే. వాళ్ళ నాయన పెట్టాడు, మా ఇంటాయన పెట్టాడు, తరువాత ఆయనే పెట్టాడు.

మా వాళ్ళైతే అడ్డంగా గీత గీసేవాళ్ళు. నేను వేలు ముంచి, 'పగులు' అని రాశాను. మూడక్షరాలు, కొంచెం వంకర. పలక మీద కాకుండా బయట నేను రాసిన మొదటి మాట అదే.

మరుసటి వారం సుబ్బరాయుడు నన్ను కొండకు తీసుకుపోయాడు. పదకొండు రాళ్ళు తట్టి పన్నెండోదానికి తల ఊపాను. ఆ ఆంజనేయస్వామి ఇప్పుడు అవుకు దారిలో నిలబడి ఉన్నాడు. సుబ్బరాయుడి పని అని అందరూ మెచ్చుకుంటారు. పని ఆయనదే. రాయి మాత్రం నాది. ఆ సంగతి ఇప్పుడు ఆయనే ముందుగా చెబుతాడు.

పగిలిన రాయి మా పెరట్లో బట్టలుతికే బండ అయింది. దాని మీద కూర్చుని నెలకొకసారి దూదితో మిషను తుడుచుకుంటాను. హెడ్‌ఫోన్లకు రెండుసార్లు స్పాంజి మార్చాను, తీగ ఇంకా గట్టిగానే ఉంది. మొన్న పెట్టుకుని రుద్దుతుంటే సుబ్బరాయుడు వచ్చి ఎదురుగా నిలబడి చేతులూపాడు. తీశాను.

"నాలుగుసార్లు పిలిస్తి. చెవులు పోయినాయా వదినా?"

"పోలేదప్పా. పనిలో ఉండాయి" అన్నాను.