ఇరవై డబ్బాల అవతల అక్క

ఏ డబ్బా ఎప్పుడు పెట్టారో నేను కొంచెం అటూ ఇటూ చేసి చెప్తానేమో. వరసలో పొరపాటుంటే ఉండొచ్చు గానీ, జరిగిందాంట్లో మాత్రం లేదు.

చిట్టికి యాభై ఎనిమిదేళ్ళు. ఆ వయసులోనూ అందరూ ఆమెని చిట్టి అనే పిలిచేవాళ్ళు, ఎందుకంటే ఇంట్లో అక్క అలా పిలిచేది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో చిట్టి ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసేది. పొద్దున్న ఏడింటికి లాండ్రీ వ్యాను వచ్చి వీధి చివర హారన్ కొట్టేది. రెండోసారి కొట్టేలోపల ఎక్కకపోతే వెళ్ళిపోయేది. అందుకని ఆ ఇంట్లో పొద్దున్నలన్నీ పరుగే.

అక్కకి డెబ్బై రెండు. తుంటి ఎముక విరిగి అతుక్కున్నాక కర్ర పట్టుకుని మంచం నుంచి కిటికీదాకా, కిటికీ నుంచి మంచందాకా నడిచేది, అంతే. ఉండేది వెనకగదిలో. ఒంటరిగా పడిపోతే ఎవరు చూస్తారని లాండ్రీలో అందరూ భయపెడితే, చిట్టి కెమెరా పెట్టించింది.

కెమెరాల ఆయన ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాడు. ఇల్లంతా తిరిగి, గోడల్ని వేళ్ళతో కొట్టి చూశాడు.

"పాతకాలం గోడలమ్మా. వైఫై వెనకగది దాకా పోదు. మధ్యలో డబ్బాలు పెట్టాలి. మంటలార్పేటప్పుడు బకెట్లు అందించుకోరూ, అలా ఒక డబ్బా ఇంకో డబ్బాకి బొమ్మని అందిస్తుంది. దీన్నే మెష్ అంటారు."

అరచేతిలో పట్టే తెల్ల డబ్బాలు నాలుగు పెట్టాడు. వెళ్ళేముందు చెప్పులేసుకుంటూ, "ఒక్కో డబ్బా బొమ్మని ఒక రోజు తన దగ్గర ఉంచుకుంటుంది. నాలుగు కదా, నాలుగు రోజులు ఆలస్యంగా కనపడుతుంది" అన్నాడు.

"అదేంటండీ?"

"ఇంటికొచ్చినవాళ్ళని ఒక పూటైనా ఉంచుకోకుండా పంపిస్తామా అమ్మా? వాటికీ అంతే."

ఎదురింటి మాస్టారు కూడా అవునన్నాడు. వాళ్ళింట్లో రెండు డబ్బాలు. దొంగ వచ్చిన సంగతి మూడో రోజున చూశారట. "పోలీసులేమీ అనలేదమ్మా. మేమూ మూడో రోజుకే వస్తాం లెండి అన్నారు."

చిట్టికి మనసొప్పలేదు. "నాలుగు రోజుల కిందటి మా అక్కని చూసుకుని నేనేం చేసుకోను?"

"పెద్దమ్మగారు రోజూ చేసేవి అవే పనులు కదమ్మా. నాలుగు రోజుల కిందటికీ ఇవాళ్టికీ తేడా ఏముంటుంది?"

నిజమే అనిపించింది. అక్క దిగులు పడుతుందని ఆలస్యం సంగతి ఆమెకి చెప్పలేదు. "నేను లాండ్రీ నుంచి నిన్ను చూస్తూనే ఉంటానక్కా" అని మాత్రం చెప్పింది. అక్క ఆ మాట నమ్మింది. కెమెరా కింద కూర్చుని తల దువ్వుకుంటూ దాంతో మాట్లాడేది.

"చిట్టీ, రేడియోలో బ్యాటరీ అయిపోయిందే. వచ్చేటప్పుడు పట్టుకురా."

చిట్టి నాలుగు రోజుల తరవాత బ్యాటరీ తెచ్చేది.

"సోమవారం అడిగితే శుక్రవారం తెచ్చావు. మతిమరుపు నీకొచ్చిందా, నాకొచ్చిందా?"

"నాకేలే అక్కా."

"అయితే ఫరవాలేదు. నాకేమోనని హడలిపోతున్నాను."

రోజులు గడిచేకొద్దీ చిట్టి పొద్దున్నపూట వెనకగదిలోకి వెళ్ళడం తగ్గింది. రాత్రే ఫ్లాస్కులో టీ పోసి మంచం పక్కన పెట్టేది. పొద్దున్న తలుపవతల నిలబడి ఫోను చూసుకునేది. అక్క బిస్కెట్టు టీలో ముంచుకుంటూ కనపడేది. సరే అనుకుని వెళ్ళిపోయేది.

ఆ గురువారం పొద్దున కూడా అంతే. హారన్ మోగింది. తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసింది, రెండో చేతిలో ఫోను చూసింది. అక్క టీ తాగుతోంది. గొళ్ళెం వదిలేసి పరిగెత్తింది.

సాయంత్రం తలుపు తీసేసరికి అక్క నేలమీద ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది.

"తెల్లారినప్పటి నుంచి మధ్యాహ్నం లోపల ఎప్పుడో పోయుంటారు" అన్నాడు డాక్టరు.

"ఏడింటికి ముందా, తరవాతా?"

"అంత కచ్చితంగా ఎలా చెప్పగలమమ్మా?"

అన్నీ ముగిశాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. చిట్టికి మాత్రం ఆ ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఏడింటికి తను గొళ్ళెం మీద చెయ్యి వేసినప్పుడు, తలుపవతల అక్క బతికుందా?

జవాబు వస్తూనే ఉంది. నాలుగు డబ్బాలు దాటి, నింపాదిగా. సోమవారం పొద్దున ఫోనులో గురువారం కనపడుతుంది.

ఆదివారం పొద్దున ఫోనులో బుధవారం వచ్చింది. అక్క మంచం మీద కూర్చుని కెమెరా వైపు చూసింది. "చిట్టీ, ఎందుకో కాలు మొద్దుబారినట్టుందే. వెళ్ళేముందు ఒక్కసారి లోపలికొచ్చి వెళ్ళు" అంది. తలుపవతల నుంచి చిట్టి గొంతే వినపడింది. "కెమెరాలో చూస్తున్నాలే అక్కా!" ఆ వెంటనే వీధి తలుపు మూసిన చప్పుడు. అక్క ఇంకాసేపు కెమెరా వైపే చూసి, దువ్వెన అందుకుంది.

చిట్టి ఉన్నపళంగా కెమెరాల ఆయన దగ్గరికి పరిగెత్తింది.

"ఇంకో డబ్బా పెట్టండి. రేపటికల్లా ఇంకో రోజు వెనక్కి పోవాలి."

ఆయన ఎందుకని అడగలేదు. తన సంచీ తీసుకుని వచ్చాడు.

సోమవారం మళ్ళీ బుధవారమే వచ్చింది. మంగళవారానికి ఇంకో డబ్బా. మళ్ళీ బుధవారం. ఇంట్లో చోటు అయిపోయింది. దగ్గరదగ్గరగా పెడితే డబ్బాలు ఒకదాన్ని దాటేసి ఇంకోదానికి అందించేస్తాయట, అందుకని బయటికి పోవలసి వచ్చింది. ఒకటి మాస్టారి వరండాలో పెట్టారు. ఒకటి టీ కొట్లో గాజు సీసాల వెనక, ఒకటి దర్జీ కుట్టుమిషను పక్కన. మందుల దుకాణం ఆయన అరలో చోటిచ్చి, "ఇక్కడైతే కరెంటు పోదమ్మా" అన్నాడు. అలా వీధి దాటి, మలుపు తిరిగి, పెద్దరోడ్డు వెంట డబ్బాలు సాగాయి. ఇంటి వైఫై దాటాక చివరి డబ్బా దగ్గరే బొమ్మ కనపడేది కాబట్టి చిట్టి రోజూ ఇంటికి ఇంకాస్త దూరం పోయి చూసుకోవలసి వచ్చేది. ఇరవయ్యో డబ్బా లాండ్రీలో ఆమె ఇస్త్రీ బల్ల మీదికే చేరింది.

పదహారు రోజులు అదనంగా సంపాదించింది. పదహారు రోజులూ అదే బుధవారం. "లోపలికొచ్చి వెళ్ళు" అని అక్క అడగడం, "చూస్తున్నాలే" అని తను అరవడం. ఒక్కరోజైనా తన గొంతు ఇంకోలా అంటుందేమోనని చూసేది. అనలేదు. అక్క మాత్రం ప్రతి బుధవారం కొత్తగా అడిగినట్టే అడిగేది.

ఆమె పక్కన దుప్పట్లు మడతపెట్టే ఆవిడ ఒకరోజు చూడలేక అంది. "ఎన్నాళ్ళు చూస్తావు చిట్టీ? చాలించు."

"చాలిస్తే రేపొస్తుంది."

"రానీ. పాపం, ఏడింటికి ముందే పోయిందని తెలుస్తుందేమో. నీ మనసు కుదుటపడుతుంది."

"తరవాత పోయిందని తెలిస్తే?"

మడతలావిడ దుప్పటి కొసలు కలుపుతూ ఉండిపోయింది.

ఇరవై ఒకటోది అడిగితే కెమెరాల ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆ రకం తయారీ ఆపేశారమ్మా. కొత్తవి వస్తున్నాయి గానీ, అవి క్షణంలో అందించేస్తాయి. నీకు పనికిరావు."

అలా ఆ మర్నాడు గురువారం వచ్చింది.

చిట్టి ఇస్త్రీపెట్టె పక్కన ఫోను నిలబెట్టుకుంది. మడతలావిడ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఫోనులో ఆరు దాటింది. అక్క లేచింది, కర్ర అందుకుంది. కాలు మాట వినలేదు. జారినట్టుగా, పెద్దగా చప్పుడు కాకుండా నేలకి దిగిపోయింది. నోరు తెరిచింది గానీ గొంతు రాలేదు.

ఏడయింది. తలుపు కింద సందులో వెలుతురు, ఆ వెలుతురులో రెండు పాదాల నీడ. నీడ ఆగింది. గొళ్ళెం చిన్నగా కదిలింది.

అక్క బతికే ఉంది. తలుపు ఆమెకి రెండు మూరల దూరంలో ఉంది. చేతికర్ర ఇంకా చేతిలోనే ఉంది. ఆ కర్రతో తలుపు మీద ఒక్కసారి తడితే చాలు. కానీ ఆమె తలుపు వైపు తిరగలేదు. తల పైకెత్తి కెమెరా వైపు చూసింది. చెల్లెలు చూసేది అందులోనే కదా. కర్ర కింద పెట్టేసి, చెయ్యెత్తి, రమ్మని నాలుగు వేళ్ళూ ఆడించింది.

నీడ వెళ్ళిపోయింది. వీధి తలుపు మూసుకుంది. వ్యాను రెండో హారన్ కొట్టింది. అక్క ఇంకా పిలుస్తూనే ఉంది. చాలాసేపు పిలిచింది.

బల్ల మీద దుప్పటి కాలి వాసన వచ్చింది. మడతలావిడ ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెట్టింది. చిట్టి ఏడవలేదు. ఫోను అక్కడే వదిలేసి లేచింది.

"ఎక్కడికే?"

"పిలుస్తోంది కదా" అని వెళ్ళిపోయింది.

మళ్ళీ పనికి రాలేదు. మూడో రోజు మడతలావిడ ఇంటికి వెళితే వెనకగది తలుపు లోపల గడియ వేసి ఉంది. "అక్క దగ్గరున్నాను, మీరు వెళ్ళండి" అని లోపలినుంచి చిట్టి గొంతు వినపడింది. మాస్టారు కిటికీలోంచి అన్నం అందిస్తున్నాడట. తీసుకుంటోంది గానీ బయటికి రమ్మంటే, మళ్ళీ ఆ తలుపవతలికి నేను పోనండీ అంటోందట. లాండ్రీలో ఆమె బల్ల దగ్గరికి ఇంకొకరు వచ్చారు.

ఫోను మాత్రం ఆ బల్ల మీదే ఉండిపోయింది. మడతలావిడ దానికి ఛార్జింగు పెడుతూ, రోజూ ఒకసారి చూసేది. ఖాళీ మంచం, మడత విప్పని పక్కబట్టలు, కిటికీలోంచి వచ్చి పోయే ఎండ. ఇరవయ్యో రోజున అందులో గొళ్ళెం కదిలింది. తలుపు తెరుచుకుంది. చిట్టి లోపలికి వచ్చి, ఖాళీ నేల పక్కన మెల్లగా కూలబడింది.

"వచ్చానక్కా" అంది. "చెప్పు."