తోటలోంచి వచ్చిన ఫోటోలు

అమృత మొగుడు వీరేందర్‌లో లోపాలు చాలానే ఉన్నాయి గాని, క్షమించరానిది ఒక్కటే. ఆయనకు ఫోటో తీయడం రాదు. ఏళ్ల తరబడి ఒమన్‌లో, సముద్రం పక్క నిమ్మతోటలో పని చేస్తున్నాడు. పంపిన ప్రతి ఫోటోలో ఒక మూల ఆయన బొటనవేలు ఉంటుంది. ఒంటె పక్కన వేలు, ఓడ పక్కన వేలు. పండగనాడు యజమాని పెట్టిన బిర్యానీ మీద వేలు ఎంతగా కమ్ముకుందంటే, అందులో ముక్కలున్నాయో లేవో వాళ్ల ఊరు ఇబ్రహీంపట్నంలో ఎవరికీ ఇప్పటికీ తెలియదు.

"నీ వేలుతోని కాపురం చేసుడేనా నేను?" అని ఒకసారి అడిగింది.

"వేలన్న కనవడుతున్నది గద, సంబరపడు" అన్నాడు.

ఆ ఒడ్డును తుఫాను కొట్టింది. కొట్టే ముందు ఫోన్ చేసి, "గాలి జర గట్టిగున్నది, నీళ్ల మోటరు తీసి లోపల పెట్టొస్త" అన్నాడు. అంతే, ఫోన్ మూగబోయింది. సముద్రం రోడ్డెక్కి కార్లను తోసుకుపోవడం టీవీలో మళ్లీ మళ్లీ చూపించారు. అత్త గౌరవ్వ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. ఆకు తడిసింది, ఎండింది, ఒక్క బీడీ కూడా చుట్టలేదు.

రెండు రోజుల తర్వాత వీరేందర్ నంబరు నుంచి ఫోటోలు రాసాగాయి. వేర్లు పైకి తేలిన నిమ్మచెట్లు. తోట నడుమ బోర్లాపడ్డ చేపల పడవ. కప్పు లేని గది, దాని గోడకు వేలాడుతున్న ఎవరిదో అంగీ. కింద రెండు ముక్కలు: "మంచిగున్న. సేటుకు నష్టం చూపెట్టాలె, ఫోటోలు తీస్తున్న. నెట్ లేదు, మాట్లాడరాదు."

గౌరవ్వ చాట కింద పెట్టి కళ్లు తుడుచుకుంది. "సూసినవా, మంచిగున్నడట. ఉత్తగనే నా పానం తీసిండు."

అమృత కూడా ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరితోనే ఫోటోలను మళ్లీ మొదటినుంచి చూసింది. పడవ తిన్నగా ఉంది. చెట్లు తిన్నగా ఉన్నాయి. ఏ మూలా వేలు లేదు. పెద్దగా చేసి చూసింది. లేదు. అంత మంచి ఫోటోలు తన మొగుడు జన్మలో తీయలేదు.

అప్పుడే పక్కింటి శంకరవ్వ గిన్నెడు పెరుగు తెచ్చి గట్టు మీద పెట్టింది. తీసుకుపోయిన జల్లెడ ఇవ్వడానికి కూడా ఏడాది పట్టే మనిషి. "తిను బిడ్డా" అని తల నిమిరి పోయింది.

అమృత పెరుగు ముట్టలేదు.

ఈ ఊళ్లో గల్ఫ్ నుంచి చెడ్డ కబురు నేరుగా రాదు. ముందు "జరమొచ్చిందట" అని వస్తుంది. తర్వాత "దవాఖానల ఉన్నడట" అని వస్తుంది. అసలు మాట పెళ్లాం చెవిన పడేసరికి శవపెట్టె విమానం దిగి ఉంటుంది. ఈలోగా ఊరంతా ఆమెను ప్రేమగా చూసుకుంటుంది.

పొద్దుటినుంచి అరుగు మీద కూర్చున్న ఆగయ్య దగ్గరికి వెళ్లింది. ఆమె మామకు అన్న. సగం వయసు గల్ఫ్‌లో గడిపి వచ్చినవాడు, ఊళ్లో ఏ కబురైనా ఆయన చేతులమీదుగానే పోవాలి. పుట్టి బుద్ధెరిగాక ఆయన తప్పు చేయలేదు. బస్సు తప్పిపోయినా అది బస్సు తప్పే.

"పెద్దమామా, గీ ఫోటోలు ఎవరు తీసిండ్రు?"

"ఎవరేంది, మనోడే."

"మనోని వేలేది?"

ఆగయ్య చాయ్ గ్లాసులోకి చూశాడు. చాయ్ మీద మీగడ కట్టి చాలాసేపయింది. ఆయన జేబులో ఫోన్ మోగింది. తీసి, పేరు చూసి, మళ్లీ జేబులో పెట్టబోయాడు.

"ఎత్తుండ్రి. నా ముందట ఎత్తుండ్రి."

ఆయన ఎత్తలేదు. ఆమే అందుకుని స్పీకర్ నొక్కింది.

"కాకా, ఇంక నాతోని కాదు" అంది అవతలి గొంతు. అదే తోటలో పనిచేసే రాయికల్ వేణు. "నువ్వు చెప్పినట్టు అన్న ఫోన్‌తోని ఫోటోలు కొట్టి పంపిన. వదినెకు ఇంకా ఎన్ని అబద్ధాలు పంపాలె?"

"వేణు, నేను వదినెనే. ఉన్నడా?"

వేణు గొంతు తగ్గించాడు.

"ఉన్నడు వదినె. మోటరు తియ్యవోతే గోడ మీద వడ్డది. దవాఖానల ఉన్నడు."

దవాఖానల ఉన్నడు. రెండో మెట్టు. నిజమైనా అబద్ధమైనా అవే రెండు ముక్కలు.

"నమ్మను. చూపెట్టు."

"లోపలికి రానిస్తలేరు..."

"చూపెట్టు వేణు."

కాసేపటికి వీడియో కాల్ వచ్చింది. నేల, ఎవరివో బూట్లు, పొడుగాటి నడవ, ఎవరో అరబ్బీలో అదిలింపు. బొమ్మ ఆగిపోయింది. గౌరవ్వ ఎప్పుడొచ్చి వెనక నిలబడిందో, ఆమె చేయి అమృత భుజం మీద ఉంది. బొమ్మ కదిలింది. మంచం, మెడదాకా తెల్ల దుప్పటి, ఎవరిదో తెలియనంత వాచిన మొఖం. అమృత మొఖం చూడలేదు, దుప్పటిని చూసింది. అది లేచింది. చాలాసేపటికి దిగింది. మళ్లీ లేచింది.

వాచిన పెదవులు కదిలాయి. "అమ్మకు... చెప్పకుండ్రి."

"ఆఁ, చెప్పరులే" అంది గౌరవ్వ ఏడుస్తూ. "నువ్వు పండుకో కొడుకా."

ఫోన్ కట్టయింది. అమృత ఫోన్‌ను ఆగయ్య ముందు పెట్టింది.

"పెద్దమామా, గిప్పటిసంది మీరు ఉన్నడంటే ఎట్ల నమ్మాలె? మంచిగైండంటే ఎట్ల నమ్మాలె?"

"నీ గుండె పలుగుతదని..." అని మొదలుపెట్టాడు ఆగయ్య. తలకున్న తువ్వాల తీసి మొఖం తుడుచుకున్నాడు.

"తప్పు నాదే బిడ్డా" అన్నాడు. "మొదలు నీకే చెప్పాల్సుండె."