ఎర్ర గుండ్రాలు

మా ప్లాంటులో గ్యాస్ పైపుల మందం కొలిచేది నేను. పదకొండేళ్ళుగా నేనే. నేను కొలిచినదాన్ని ఎవడైనా మళ్ళీ కొలుస్తానంటే నాకు ఒళ్ళు మండుతుంది. పైపు పొడుగునా నూట ఇరవై చోట్ల ఎర్ర రంగుతో గుండ్రాలు వేసి ఉంటాయి. ఏడాదికోసారి ఆ గుండ్రంలో రంగు గీకి, జెల్ రాసి, మీటర్ ఆనించి, అంకె రాసుకుంటాను. తర్వాత తుప్పు పట్టకుండా అక్కడే మళ్ళీ రెండు పూతలు రంగు వేసి దిగుతాను. రెండో పూత వేయమని ఎవరూ చెప్పలేదు, అది నా తృప్తి కోసం.

ఆ పైపు కిందే, బాయిలర్ గదిలో, మా బావమరిది పనిచేస్తాడు. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. వాడికి ఆ ఉద్యోగం చూపించింది కూడా నేనే. పైన పైపుకి ఏమైనా అయితే ఇంట్లో నా గతేమిటో వేరే చెప్పక్కర్లేదు.

వచ్చే సోమవారం నుంచి లైన్లో ప్రెషర్ పెంచుతారని, నా సంతకం కావాలని అన్నారు. బుధవారం పొద్దున్నకల్లా కొలవడం పూర్తిచేశాను. కొత్తలో ఆ పైపు మందం ఎనిమిది మిల్లీమీటర్లు. నా అంకెలన్నీ ఏడున్నరకి పైనే వచ్చాయి, ఆ మాట మేనేజరమ్మకి అప్పుడే ఫోన్లో చెప్పేశాను. నిచ్చెన దిగి సంతకం పెట్టబోతుంటే మా బావమరిది టీ గ్లాసుతో వచ్చి తల పైకెత్తి చూశాడు.

"బావా, ఒకటడగనా? కోప్పడకూడదు."

"అడుగు. కోప్పడాలో లేదో నేను చూసుకుంటా."

"గుండ్రాలున్న చోట పైపు నిన్న కొన్నట్టుంది. మిగతాదంతా ముసలిదైపోయింది. నువ్వు కొలిచేది పైపునా, నీ రంగునా?"

"వెళ్ళి నీ బాయిలర్ చూసుకోరా" అన్నాను. అన్నానే గానీ కలం ముందుకు కదల్లేదు.

వాడన్నది అక్షరాలా నిజం. ఏటా రెండు పూతలు, అదీ అదే చోట. పైపు మొత్తంలో బయటినుంచి తుప్పు పట్టే వీల్లేని చోటంటూ ఉంటే అది నా గుండ్రమే. ఏటా సరిగ్గా అక్కడికే వెళ్ళి బాగున్నావా అని అడిగి వస్తున్నాను. దొంగని వదిలేసి కాపలావాడి జేబులు వెతికినట్టుంది నా పని.

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. చెబితే పదకొండేళ్ళ రిజిస్టర్లు చిత్తుకాగితాలే. ఓ పావుగంట భయంతో అలాగే కూర్చున్నాను. వాడి ప్రాణం గురించి కాదు, నా పరువు గురించి. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి మళ్ళీ నిచ్చెనెక్కాను. పైపుని మోసే ఇనుప దిమ్మెల దగ్గర కప్పులోంచి కారే వాననీళ్ళు నిలుస్తాయి. అక్కడ గుండ్రాలు లేవు, మీటర్ దూరే సందూ లేదు. వేలితో తాకితే తుప్పు రేకులు రేకులుగా ఊడి వచ్చింది. ఇంకోసారి తాకడానికి ధైర్యం చాల్లేదు. దిగి నేరుగా మేనేజరమ్మ గదికి వెళ్ళాను.

"లైన్ ఆపాలండీ."

"గుండ్రాల దగ్గర బాగానే వచ్చిందన్నారుగా?"

"గుండ్రాలకి నేను రంగేశానండీ. పైపుకి వేయలేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మరి ఇన్నేళ్ళ కొలతలు?"

"తప్పు చోట కొలిచానండీ. తప్పు నాదే."

ఆవిడ తిట్టలేదు. ఫోనెత్తి గ్యాస్ కట్టేయించింది. మర్నాడు లైన్లో మిగిలిన గ్యాసంతా బయటికి తోలేసి, జాకీలు పెట్టి పైపుని నాలుగు వేళ్ళ ఎత్తు లేపారు. మొదటి దిమ్మె దగ్గర అయిదు. రెండో దిమ్మె దగ్గర మూడు. మూడోదాని దగ్గర ఒకటిన్నర. మీటర్ పాడైందేమోనని మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఒకటిన్నరే. ఆ మూడో దిమ్మె సరిగ్గా మా బావమరిది కుర్చీకి పైన ఉంది.

అరిగిన ముక్కలన్నీ కోసి కొత్తవి వేయడానికి పదిరోజులు పట్టింది. నీళ్ళు నిలవకుండా దిమ్మెలు మార్చారు, పైపు మొత్తానికి రంగు వేశారు. రిజిస్టర్లో పాత పేజీలన్నిటి మీదా "ఈ అంకెలు గుండ్రాలవి మాత్రమే, పైపువి కావు" అని రాసి సంతకాలు పెట్టాను. చెయ్యి నొప్పి పుట్టింది గానీ మనసు తేలికపడింది.

ఆదివారం మధ్యాహ్నం వాడు మా ఇంటికి భోజనానికొచ్చాడు. ఊరుకుంటాడా, కథంతా వాళ్ళక్కకి చెప్పేశాడు. మా ఆవిడ గరిటె పట్టుకుని నావైపు తిరిగింది.

"ఒకటిన్నర మిల్లీమీటరంటే ఎంత?"

నా ముందున్న కంచం అంచు పట్టి చూపించాను. "ఇంత."

ఆవిడ ఆ అంచు మీద వేలు పెట్టి రాసి చూసింది. "ఇన్నాళ్ళూ వీడు దీని కిందే కూర్చున్నాడా?"

"కూర్చున్నాడు."

ఆవిడ గరిటె నింపి ముందు వాడికి వడ్డించింది. రెండోసారీ వాడికే వడ్డించింది. "చాలక్కా" అంటున్నా వినకుండా మూడోసారీ వేసింది. నాకింకా మెతుకు పడలేదు. అయినా వాడు తింటుంటే చూస్తూ కూర్చున్నాను, నా కడుపు నిండిపోయింది.