నోటికి రాని మాట

"పది దినాలు పోయి నేర్సుకొని రా. వచ్చి మా తమ్ముడు బీరన్నకు నేర్పు. కుర్చీల వాడు కూసుంటడు," అన్నాడు జంగయ్య, భార్య అండాలు కట్టిన చింతపండు పొట్లాలు తన పక్కకు జరుపుకుంటూ.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. పంచాయతీ ఆఫీసులో పెట్టే కంప్యూటర్ కేంద్రం నడపడానికి పదో తరగతి చదివిన ఆడవాళ్లే కావాలన్నారు. కేతేపల్లిలో అండాలు దొరికింది. ఈ బేరం ఆమెకు కొత్త కాదు. పద్దెనిమిదేళ్లుగా కిరాణాలో తూచేది ఆమె, గద్దె మీద కూర్చునేది ఆయన. ఎవరికి ఏ సరుకు అంటగట్టాలో ఆమెకే తెలుసు, కొట్టు పేరు మాత్రం జంగయ్య కిరాణం. అయినా నల్లగొండ బస్సెక్కింది. పది రోజులైనా ఒక కుర్చీ తనది అవుతుంది గదా!

చెప్పులు బయట విడిచి ఆరుగురు ఆడవాళ్లు చల్లని గదిలోకి వెళ్లారు. ఏ ఊరికి పోయే కంప్యూటర్ ముందు ఆ ఊరామె కూర్చుంది. నేర్పే జాహేదా మేడం పాస్‌వర్డ్ గురించి చెప్పింది.

"మీ నోట్లెకెల్లి ఎన్నడు బయటికి రాని మాట పెట్టుర్రి. గదే తాళంచెవి."

ఆరుగురూ ఆలోచించకుండానే కొట్టారు. మేడంకు అనుమానం వచ్చింది. అండాలు కుర్చీ వెనక నిలబడి, "మీ ఆయన పేరేంది?" అంది. అండాలు తల దించుకుంది. "జంగయ్య," అని పక్క ఊరి బక్కమ్మ అందించింది. మేడం ఆ పేరు కొట్టగానే కంప్యూటర్ తెరుచుకుంది. మిగతా అయిదూ అట్లాగే తెరుచుకున్నాయి.

"అమ్మలారా, మీ మొగుళ్ల పేర్లు ఊరంతకు ఎరికే. పలకనిది మీరొక్కలే!" గది గొల్లుమంది. "మార్చుర్రి. మీకొక్కలకే ఎరికైన మాట పెట్టుర్రి."

అండాలు వేళ్లు ఆగిపోయాయి. ఆయనకు ఏ కూరలో ఉప్పెంతో, అత్తకు ఏ మాటకు కోపమో అన్నీ తెలుసు. కానీ అవన్నీ వాళ్లవే. చాలాసేపటికి ఒకటి దొరికింది. పప్పులు తూస్తూ ఎన్నో మధ్యాహ్నాలు ఆమె లోలోపల ఒక బట్టల కొట్టు పెట్టుకునేది, అరల్లో చీరలు సర్దేది. ఆ కొట్టుకో పేరుంది. ఎవరూ అడగలేదు గనక ఎవరికీ చెప్పలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ పేరు కొట్టింది. తెర మీద చుక్కలే పడ్డాయి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంది.

ఇంటికొచ్చి నవ్వులాట సగమే చెప్పింది. జంగయ్య పొంగిపోయాడు.

కేంద్రం తెరిచిన రోజు బీరన్న కుర్చీలో కూర్చున్నాడు.

"నా పేరు కొట్టురా, తెరుసుకుంటది," అన్నాడు జంగయ్య మీసం దువ్వుకుంటూ.

బీరన్న కొట్టాడు. తెరుచుకోలేదు. మళ్లీ కొట్టాడు.

"ఏందే, నా పేరే పెట్టిన అంటివి గదా?"

"పెట్టిన. తర్వాత మార్చిన," అంది అండాలు. "లెవ్వు బీరన్నా, నేను కూసుంట."