లోపలి కుట్టు

"గుటక వెయ్యమ్మా."

అమ్మాయి గుటక వేసింది. మెడ చుట్టూ ఉన్న టేపు కింద గొంతు పైకి లేచి దిగింది.

"ఇంకోసారి. మంచినీళ్ళు తాగుతున్నట్టు."

రెండోసారి కూడా చూసుకుని, టేపు మీద బొటనవేలి గోరు నొక్కిపెట్టి, ఆ అంకెను పాత క్యాలెండరు కాగితం వెనకవైపు రాసుకుంది టేపక్క. మెడకు తొడుగు కుట్టడం అందరూ అనుకున్నంత తేలిక కాదు. వదులైతే పని చెయ్యదు, బిగిస్తే ముద్ద దిగదు. ఈ రెంటికీ మధ్య వేలి మందం చోటుంటుంది. ఆ చోటు కళ్ళు మూసుకుని పట్టుకోవడానికి ఆమెకు ఇరవై రెండేళ్ళు పట్టింది.

ఆస్పత్రిలో కాలిన గాయాల వార్డు దాటాక, నడవా చివర, మెట్ల కింద మిగిలిపోయిన జాగాలో ఉంది ఆమె గది. ఒక కుట్టుమిషను, ఒక బల్ల, ఒక కిటికీ. ఒళ్ళు కాలినవాళ్ళకు గాయం మానగానే కథ కంచికి పోదు. మానిన చర్మం ఎర్రబడి, గట్టిపడి, తాడులా పైకి లేస్తుంది. దురదతో నిద్ర పోనివ్వదు. కీలు పక్కన లేచిందంటే ఆ కీలునే లాగి వంచేస్తుంది. అలాంటి మచ్చను ఏడాదో, ఏడాదిన్నరో అణచి ఉంచే బిగుతు తొడుగులు కుట్టడం ఆమె పని. స్నానానికి తప్ప తియ్యకూడదు. చేతులకు, కాళ్ళకు, మెడలకు, అప్పుడప్పుడు ఒక మొహానికి కూడా కుట్టింది. మెడలోంచి టేపు తియ్యడం మరిచిపోయి దాంతోనే ఇంటికి పోతుంది కనుక టేపక్క అయింది. బస్సు నడిపి రిటైరైన మొగుడు గుమ్మంలోనే, "నా కొలత ఎప్పుడు తీస్తావోయ్?" అంటాడు. "నీ కొలత పెళ్ళయిన వారానికే తీశాను," అంటుంది ఆమె.

మిషనుకు ఎదురుగా గోడమీద ఒక మేకు ఉంది. దానికి ఒక పాత చేతి తొడుగు వేలాడుతూ ఉంటుంది, మోచేతినుంచి మణికట్టు దాకా వచ్చేది. రంగు వెలిసిపోయింది. కొత్తగా వచ్చిన నర్సులు ఎవరిదని అడుగుతారు. "నా గురువు," అంటుంది టేపక్క.

మొదట్లో ఆమెను పనిలో పెట్టుకున్నది దుప్పట్లకు, పరదాలకు అంచులు కుట్టడానికే. అప్పుడు ఈ విభాగాన్ని చూసే పెద్ద డాక్టరు ఒకనాడు ఎక్కడినుంచో తెప్పించిన బిగుతు తొడుగు ఒకటి బల్లమీద పడేసి, ఇలాంటిది కుట్టగలవా అన్నాడు. ఆమె దాన్ని పోగు పోగు విప్పి చూసి, సాగే గుడ్డ తెప్పించుకుని కుట్టింది. మొదటి తొడుగు రొట్టెల బట్టీలో పనిచేసే ఒకతనికి. పొయ్యి తలుపు మీద పడి కుడిచెయ్యి కాలింది. జాకెట్లు కుట్టి కుట్టి, పైకి నున్నగా కనపడాలని కుట్టంతా లోపలికి మడవడం నేర్చుకున్న చెయ్యి ఆమెది. తొడుగుకూ అలాగే మడిచింది. లేత చర్మానికి లోపలి కుట్టు కత్తితో సమానమని ఆమెకు ఎవరు చెప్పారు గనక! పాపం, ఆ బట్టీవాడు నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. రెండు వారాలు కిక్కురుమనకుండా వేసుకు తిరిగాడు. విప్పి చూస్తే మోచేతినుంచి మణికట్టు దాకా దారపు పోగులతో సహా గీత దిగిపోయి ఉంది. టేపక్క భోరుమంది.

"పొయ్యి చేసినదాని ముందు ఇదెంతక్కా! ఇంకోటి కుట్టు," అన్నాడతను.

ఇంకోటి కాదు, పద్నాలుగు నెలల్లో ఏడు కుట్టింది. అన్నిటికీ కుట్టు బయటికే. చెయ్యి చదునుపడింది, వేళ్ళు మళ్ళీ ముడుచుకుని తెరుచుకున్నాయి, పిండి కలిపాయి. గీత మాత్రం పోలేదు. ఆ మొదటి తొడుగే మేకుకు ఎక్కింది.

"అక్కా, ఇది కుట్టొద్దులే," అంది కుర్చీలో ఉన్న అమ్మాయి, ఉన్నట్టుండి.

చెప్పుల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునే పిల్ల. నాలుగు నెలల కిందట దుకాణంలోనే మరుగుతున్న నీళ్ళ కెటిల్ ఒలికి గడ్డం కిందనుంచి ఎడమ భుజం దాకా కాలింది. పనిలోకి తిరిగి వెళ్తే యజమాని వెనక గోదాములో కూర్చోబెట్టాడట, వచ్చినవాళ్ళు జడుసుకుంటారని. ఈ మాట విన్ననాడు టేపక్క సూది విరగ్గొట్టుకుంది.

"ఎందుకొద్దు?"

"ముందు హాల్లో బొమ్మ పెట్టారు, చూడలేదా? లేజరంట. మూడే మూడు సార్లకి మాయమైపోద్దంట. ఏడాదిపాటు మెడకి ఈ పట్టీ ఎవరు కట్టుకు తిరుగుతారు? నాలుగింటికి రమ్మన్నారు. సంతకం పెడితే చాలంట."

టేపక్క వెనక గుమ్మంలోంచి వచ్చి వెనక గుమ్మంలోంచి పోయే మనిషి. ముందు హాలు చూసి ఎన్నాళ్ళయిందో.

"ఏదీ, తల కుడివైపు తిప్పు."

అమ్మాయి తిప్పింది. సగానికి పైగా వెళ్ళి ఆగిపోయింది. మచ్చ తాడులా బిగిసి కింది పెదవిని కొంచెం కిందికి లాగింది. పోయినసారి పెదవి కదల్లేదు. ఇలాగే ఇంకొన్ని నెలలు వదిలేస్తే గడ్డం భుజం వైపు దిగిపోతుంది. అప్పుడిక డాక్టరు కత్తి పట్టుకోవాల్సిందే.

"నాలుగింటిలోపల కుట్టేస్తాను. వేసుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం."

అమ్మాయి వెళ్ళాక గుడ్డ కత్తిరించింది గాని, మనసు బల్లమీద లేదు. లేజరు మీద ఆమెకు కోపమేమీ లేదు. పెద్ద డాక్టరు బతికుండగా వందసార్లు చెప్పేవాడు, మచ్చకు మందు ఒకటి కాదు, దేని వంతు దానిదని. ముందు తొడుగు, సిలికాన్ పట్టీ, మెత్తగా మర్దన, ఎండ తగలకుండా కాపుదల. మొండికేసిన చోట సూదిమందు. లాగేసిన చోట కత్తి. లేజరుకూ ఒక వేళ ఉంటుంది, ఏ మచ్చకు ఎప్పుడన్నది చూసి చెప్పాల్సింది డాక్టరు. అంతేగాని బొమ్మ చూసి సంతకం పెట్టడమేమిటి? తొందరపడితే రంపంతో గడ్డం గీసుకున్నట్టే అనేవాడు ఆయన.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా ముందు హాల్లోకి వెళ్ళింది. గోడకు నిలువెత్తు ఫ్లెక్సీ. రెండు ఫోటోలు. 'ముందు' అని రాసిన దాంట్లో ఎర్రగా ఉబ్బిన కుడిచెయ్యి. 'తరువాత' అన్న దాంట్లో అదే చెయ్యి, చదునుగా. టేపక్క దగ్గరికి నడిచింది. అద్దాలు సర్దుకుంది. చదునైన చేతిమీద మోచేతినుంచి మణికట్టు దాకా ఒక గీత. గీత పొడుగునా దారపు పోగుల గుర్తులు.

అరికాలి మంట నెత్తికెక్కింది.

మేనేజరు గది తలుపు కొట్టకుండానే తోసింది.

"ఆ గోడమీది చెయ్యి ఎవరిదో తెలుసా సార్?"

"పాత ఫైళ్ళలో దొరికిందమ్మా. బాగుంది కదూ?"

"బాగుంది. పద్నాలుగు నెలలు నేను కుట్టిన తొడుగులేసుకుని బాగుపడింది. మీ మిషనొచ్చి నెల కాలేదు. ఆ ఫోటో తీసి ఇరవయ్యేళ్ళు దాటింది."

మేనేజరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. "ప్రకటనంటే అంతేనమ్మా. చెయ్యి ఎవరిదైతే ఏంటి? ఇప్పుడు నీ పేరేమన్నా చెడగొట్టామా?"

"నా పేరు ఎవడిక్కావాలండీ! ఆ బొమ్మ నమ్మి పచ్చి మచ్చతో ఒక పిల్ల సంతకం పెట్టడానికొస్తోంది. రేపు దాని మెడ వంకరపోతే మీరొచ్చి నిలబెడతారా?"

"అవన్నీ డాక్టర్లు చూసుకుంటారు. నువ్వు కుట్టుపనిదానివి, కుట్టు సంగతి చూసుకో." కాగితాలు సర్దుకుంటూ, మరిచిపోయిన చిన్న విషయం చెబుతున్నట్టు అన్నాడు. "ఎలాగూ పిలుద్దామనుకున్నాను. నీ గది ఆ మిషను సామానుకి కావాలి. సోమవారంనుంచి నువ్వు దుప్పట్ల దగ్గరికి వెళ్ళిపో. తొడుగులు ఇక వద్దులే, ఈ రోజుల్లో ఎవరేసుకుంటారు?"

సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! చేసిన చెయ్యి దుప్పట్లకు, చెయ్యని మిషను గోడమీదికి. టేపక్కకు ఏడుపు రాలేదు. మిషను ముందు కూర్చుని మెడ తొడుగు కుట్టు పూర్తిచేసింది. ఒక్క పోగు వంకర పోలేదు.

మూడున్నరకు అమ్మాయి వచ్చింది. టేపక్క తొడుగు ఆమె చేతిలో పెట్టి, గోడమీది మేకునుంచి పాత తొడుగు తీసి, "నాతో రా," అంది.

హాల్లో జనం చూస్తూండగానే పాత తొడుగును తిరగేసి, 'తరువాత' ఫోటో కిందుగా నాలుగు గుండుసూదులతో ఫ్లెక్సీకే గుచ్చింది. అమ్మాయి బొమ్మమీద గీత వెంట వేలు పోనిచ్చింది. తరువాత తొడుగు కుట్టు వెంట పోనిచ్చింది. రెండూ ఒకటే.

"ఇదీ... అదీ..."

"ఆ గీత నా తప్పు. మిగతాదంతా నా పని. తప్పు నాదైనప్పుడు ఒప్పూ నాదే కదమ్మా!" అంది టేపక్క. "నీ మచ్చ మాయం కాదు. ఎవరు చెప్పినా నమ్మకు. అణుగుతుంది, రంగు కలుస్తుంది, మెడ తిరుగుతుంది. మన డాక్టరు వేళయిందంటే ఆ లేజరు దగ్గరికి నేనే చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను."

"అప్పుడు కౌంటరు దగ్గర కూర్చోనిస్తారా అక్కా?"

"కూర్చోనివ్వకపోతే సిగ్గు వాడిది. నువ్వెందుకు మొయ్యాలి?"

"సంతకం పెడతారా?" అని పిలిచాడు బల్ల వెనక గుమాస్తా. అమ్మాయి కాసేపు ఫ్లెక్సీనే చూసింది. తరువాత తొడుగు మెడకు చుట్టుకుని, తడుముకుంటూ తనే హుక్కులు పెట్టుకుంది. గుటక వేసి చూసుకుంది.

"ఇప్పుడు కాదు," అంది గుమాస్తాతో.

టేపక్క గదికి వెళ్ళి, క్యాలెండరు కాగితాలన్నీ చుట్ట చుట్టి సంచిలో పెట్టుకుని హాల్లోకి వచ్చింది. ఇరవై రెండేళ్ళ చేతులు, కాళ్ళు, మెడలు. ఒక చింపు కాగితం మీద ఇంటి అడ్రసు రాసి అమ్మాయికి ఇచ్చింది. "మూడు వారాలకోసారి రా. ఇంట్లో మిషనుంది." దుప్పట్ల దగ్గరికి రానని మేనేజరుకు చెప్పి పంపలేదు. చెప్పదగ్గ మనిషి అనిపించలేదు. మెడలో టేపుతోనే, మొదటిసారి ముందు గుమ్మంలోంచి బయటికి నడిచింది.

హాల్లో వంతుకోసం కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి గోడ దగ్గరికి వచ్చి చూస్తున్నారు. నాలుగు గుండుసూదుల మీద ఆ వెలిసిన తొడుగు వేలాడుతోంది, లోపలి కుట్టు బయటికి తిరిగి.