పేరిందేవి గారు చూసిన చేపల సంబంధాలు

నేను ఒక గాజుతొట్టిని. తెనాలిలో చేపల దుకాణం షరీఫ్ అయిదు అద్దాలను జిగురుతో అతికించి నన్ను నిలబెట్టాడు. కొన్నది పేరిందేవి గారు. ఆవిడ మ్యారేజ్ బ్యూరో నడుపుతారు. వచ్చినవాళ్ళు మాటిమాటికీ గోడ గడియారం చూడకుండా ఉండాలని నన్ను ముందు గదిలో పెట్టించారు.

నాలో మొదట దిగింది ఒకే ఒక గోల్డ్‌ఫిష్. బొద్దుగా ఉండేది. జంట తోకను పట్టుచీర కుచ్చిళ్ళలా ఈడ్చుకుంటూ తాపీగా తిరిగేది. ఆవిడ దానికి బంగారి అని పేరు పెట్టి, ఒంటరిగా ఉందని బెంగపడ్డారు. ఊళ్ళో ఎవరు ఒంటరిగా కనబడినా ఆవిడకు అదే బెంగ.

షరీఫ్ వద్దంటున్నా వినకుండా, ఒంటిమీద చారలు ముచ్చటగా ఉన్నాయని నాలుగు టైగర్ బార్బ్ చేపలను తెచ్చారు. సాయంత్రానికల్లా అవి బంగారి తోకను కొరికి పేలికలు చేశాయి. వాటిని వెనక్కిచ్చి, ఈసారి అణకువైనవి కావాలని అరడజను చిట్టి గప్పీ చేపలను తెచ్చారు. మర్నాటికి రెండే మిగిలాయి. మిగతావి ఎటు పోయాయో నాకు తెలుసు, బంగారి పొట్టకు తెలుసు. ఆవిడ మాత్రం పక్కింటి పిల్లిని నాలుగు రోజులు తిట్టి, మిగిలిన రెంటినీ షరీఫ్‌కు అప్పజెప్పారు.

తరవాత వచ్చింది అద్దాలకు పట్టిన పాచిని నాకి తినే సక్కర్ చేప. కష్టపడి తినే సంబంధమని మురిసిపోయారు. పాచి అయిపోగానే అది బంగారి డొక్కకు అతుక్కుని ఒంటి జిగురు నాకడం మొదలుపెట్టింది. బంగారి తిండి మానేసి నా అడుగున ఒరిగిపోయింది.

ఆ ఉదయం ఆవిడ బ్యూరో తలుపులు కూడా తీయలేదు. కబురందుకుని వచ్చిన షరీఫ్ సక్కర్‌ను వలతో తీసేసి, కొన్ని నీళ్ళు మార్చాడు.

"రంగు చూశారు, రూపం చూశారమ్మా. ఎంత జోరుగా ఈదుద్దో అడిగారా? ఎంత చల్లటి నీళ్ళు కావాలో అడిగారా? ఎదరదాని నోట్లో పట్టుద్దేమో చూశారా?" అన్నాడు.

పేరిందేవి గారు కుర్చీ నా పక్కకు లాక్కున్నారు.

బంగారి మళ్ళీ మెతుకు ముట్టేదాకా ఆవిడ నా పక్కనే కూర్చున్నారు. తరవాత షరీఫ్ మాట ప్రకారం, అదే జాతిది, అంతే పరిమాణంలో ఉన్న ఇంకో గోల్డ్‌ఫిష్‌ను రెండు వారాలు విడిగా ఉంచి, జబ్బేమీ లేదని తేలాకే నాలో వదిలారు. రెండూ ఒకే నడకవి. ఇద్దరు పెద్దముత్తయిదువులు పేరంటానికి బయలుదేరినట్టు పక్కపక్కనే తిరిగేవి.

ఆ వారమే పానకాలరావు అనే ఆయన కూతురు హైమవతిని వెంటబెట్టుకొచ్చి, అబ్బాయి ఎత్తు, జీతం, ఇంటిస్థలం ఎలా ఉండాలో కాగితం చూసి చదవసాగారు. పేరిందేవి గారు ఆయన్ని ఆపి పిల్ల వైపు తిరిగారు.

"నీకెట్టాంటి మనిషి కావాలమ్మా?"

దానికేం తెలుసని తండ్రి నవ్వారు. హైమవతి నావైపు కాసేపు చూసింది.

"నెమ్మదిగా తినేవాళ్ళు కావాలండీ. మా ఇంట్లో నేను ముద్ద కలిపేలోపే అందరూ చేతులు కడుక్కుని లేచిపోతారు."

పానకాలరావు చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆపైన రెండు నెలలు ఆవిడ పెళ్ళికొడుకుల ఇళ్ళకు సరిగ్గా భోజనాల వేళకే వెళ్ళారు. చివరికి రేపల్లెలో ఒక సర్వేయరు పెరుగన్నం ముప్పావుగంట తిన్నాడట. వాళ్ళమ్మ సిగ్గుపడిపోతుంటే ఈవిడ అక్కడే తాంబూలాల మాటెత్తారు. ఆ పెళ్ళి జరిగింది. వాళ్ళింట్లో భోజనాలు ఇంకా అవుతూనే ఉన్నాయని షరీఫ్ అంటూంటాడు.

ఏడేళ్ళకు నా మూల అతుకు ఊడి నీళ్ళు కారాయి. చేపలు రెండూ షరీఫ్ పెరట్లోని సిమెంటు తొట్టెకు వెళ్ళాయి. నన్ను పాత సామాన్లవాడికి ఇవ్వబోయి, ఆవిడే మనసొప్పక తుడిచి బల్లమీద పెట్టుకున్నారు. ఇప్పుడు నా నిండా పెళ్ళి కావలసినవాళ్ళ ఫొటోలు. అందరూ తల దువ్వుకుని, బుద్ధిగా నవ్వుతూ, ఒకళ్ళ పక్కన ఒకళ్ళు ఒద్దికగా నిలబడ్డారు. ఒక్కరూ ఎవరినీ కొరకడం లేదు. ఇంకా నీళ్ళు పోయలేదు కదా.