గుండుగారి లెక్క

ఆ బడి ఫిజిక్స్ ల్యాబులో, పైదూలానికి ఉక్కుతీగతో ఒక ఇనుపగుండు వేలాడుతుంటుంది. కొబ్బరికాయంతే గానీ, ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. పిల్లలు దాన్ని గుండుగారు అంటారు. ఏటా శక్తి పాఠం రోజున పెద్ద మేడం వెనక అల్మరాకు తల ఆనించి, గుండును గడ్డం మీది చిన్న మచ్చకు తాకించి, చేతులు వదిలేస్తుంది. గుండు అవతలిదాకా ఊగి మళ్లీ ఆవిడ మీదికే వస్తుంది. పిల్లలు కెవ్వుమంటారు. ఆవిడ రెప్ప వాల్చదు. గుండు గడ్డం దాకా వచ్చి, బుద్ధిగా వెనక్కి మళ్లుతుంది.

ఈ నెలాఖరుకి ఆవిడ రిటైరవుతోంది. ఇకమీదట ఆ పాఠం చెప్పాల్సింది చిన్న మేడం. ఆమె ఎవరో కాదు, ఆవిడ కోడలే. ఒకప్పుడు ఆ గదిలోనే ముందు బెంచీలో కూర్చుని కెవ్వుమన్న పిల్ల. ఆమె మనసు పారేసుకున్నది మొదట గుండు మీద, తర్వాత దాని ముందు కదలకుండా నిలబడ్డ మనిషి మీద. మొగుడి వంతు ఆ తర్వాతే వచ్చింది. బడి గేటు లోపల ఆవిణ్ణి "మేడం" అనాలి, గేటు దాటాకే "అత్తయ్యా" అని ఇంట్లో ఒప్పందం.

చిక్కల్లా ప్రిన్సిపాల్‌తోనే. "మీరంటే అలవాటున్న మనిషి. ఈ అమ్మాయి తడబడితే తల పగులుతుందండీ. ఏమాత్రం తేడా వచ్చినా గుండు దింపించేస్తాను. వీడియో చూపించుకోండి," అని ముందే తేల్చి చెప్పి, పాఠం రోజున వెనక బెంచీలో కూర్చుంది.

చిన్న మేడం అల్మరాకు తల ఆనించింది. గుండును గడ్డానికి ఆనించుకుంది.

"ఎత్తులో ఉన్నప్పుడు దీని దగ్గరున్నది స్థితిజ శక్తి. దిగేకొద్దీ అదే గతిజ శక్తవుతుంది. పైకి లేచేకొద్దీ మళ్లీ స్థితిజ శక్తవుతుంది. మనం ఇచ్చినదానికంటే ఎక్కువ దీనికి ఎక్కణ్నించీ రాదు," అని గుక్క తిప్పుకోకుండా చెప్పి వదిలేసింది.

వదిలేశాననుకుంది. నిజానికి, పీడా వదిలించుకుంటున్నట్టు భయంకొద్దీ ఒక్క తోపు తోసింది. ఆ సంగతి ఆమెకే తెలియలేదు. పక్కనున్న అత్తగారికి తెలిసింది. గుండు తిరిగొచ్చేలోపు కోడల్ని రెక్కపట్టి లాగేసింది, ఆ ఊపులో ఆ చోటికి తాను వచ్చింది. ఆవిడ పొడగరి. కోడలి గడ్డం ఉండాల్సిన చోట ఆవిడ భుజం ఉంది. గుండు వదిలిన చోటు దాటొచ్చి ఆ భుజానికి ధబ్బుమని తగిలింది.

"చాలు! దింపించండి దాన్ని," అంటూ ప్రిన్సిపాల్ లేచింది.

"గుండేం తప్పు చేసిందండీ? చేతులు వదల్లేదు, తోశాయి," అంది పెద్ద మేడం భుజం రుద్దుకుంటూ. "తోసిందంతా తెచ్చి అప్పజెప్పింది. ఇన్నేళ్లలో నేనే ఇంత గట్టిగా రుజువు చేయలేదు!"

పిల్లలు పగలబడి నవ్వారు. చిన్న మేడానికి తల కొట్టేసినట్టయింది. తన మూలంగా ఆ గుండు దిగిపోతే అత్తగారి ముఖం ఎలా చూడాలి? కాసేపు తన చేతులకేసి చూసుకుంది. భయమంతా వాటిలోనే ఉంది. అలాంటప్పుడు వదిలే పని వాటికెందుకు?

పురికొస తెచ్చింది. ఒక కొస గుండుకు, రెండోది చెవి పక్కగా అల్మరా పిడికి కట్టింది. గుండు గడ్డం దగ్గర నిలిచింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"కత్తిరించండి, అత్తయ్యా."

గేటు లోపలే ఆ మాట నోరు జారింది. అత్తగారు కత్తెర పెట్టి పురికొస తెంచింది.

గుండు పోయింది, వచ్చింది. ఆమె కదల్లేదు. అది గడ్డానికి వేలెడు దూరంలో నిలిచి వెనక్కి మళ్లింది.

"మేడం, ఆ వేలెడూ ఎటు పోయింది?" అని ముందు బెంచీలోంచి ఒక పిల్ల అడిగింది.

"గాలిని నెట్టడానికి కొంత. పైన కొక్కెం దగ్గర రాసుకుని వేడయింది కొంత. కిర్రుమంది చూడు, ఆ చప్పుడుకి ఇంకొంత. పోలేదమ్మా, మారింది."

ప్రిన్సిపాల్ పైనున్న కొక్కేన్ని కాసేపు చూసి, "ఉంచండి. పురికొస మాత్రం మర్చిపోవద్దు," అని వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంట్లో మామగారు భార్య భుజం చూసి కంగారుపడ్డాడు.

"ఏమైందే?"

"కోడలు కొట్టింది."

"అత్తయ్యా!" అంటూ కోడలు మందు డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. రాస్తూ రాస్తూ అడిగింది. "నేను తోశానని నాకే తెలియలేదు. మీకెలా తెలిసింది?"

అత్తగారు గడ్డం పైకెత్తి మచ్చ చూపించింది.

"మొదటిసారి నేనూ తోశాను. నన్ను లాగడానికి పక్కన ఎవరూ లేరు."

తగిలిన చోటికే గుండును ఏటా ఆనించి, రెప్ప వాల్చకుండా నిలబడ్డ మనిషి. కోడలికి కళ్లు చెమర్చాయి.

"మెల్లిగా రాయవే, మళ్లీ తోస్తున్నావు," అంది అత్తగారు.